మూత తీయని వెనీలా

నాగరికత అంటే ఏమిటన్న ప్రశ్నకు పెద్దలు ఇంతకాలం రకరకాల జవాబులు చెప్పారు. నిప్పు అన్నారు, చక్రం అన్నారు, అక్షరం అన్నారు. అన్నీ తప్పే. నాగరికత అంటే మూత తీయకుండా ఉండగలగడం. ఈ సత్యాన్ని మొదట కనిపెట్టింది దీర్ఘకాల నిల్వల శాఖ. రెండోది మా బాబాయ్. (నిజానికి బాబాయే ముందు. కానీ శాఖలో నమోదు కాని తేదీలు చెల్లవు గనక ఆయన రెండోవాడయ్యాడు.)

శాఖవారి చట్టం చాలా చిన్నది. అగ్గిపెట్టె మీద అచ్చు వేయవచ్చు. "ఒక ఇంటిలో ఏడాదికి పైబడి ఉంటూ, లోపల ఏమి జరుగుతున్నదో బయటికి కనిపించనిది ఏదైనా నిల్వ అనబడును. ప్రతి నిల్వనూ నమోదు చేయించవలెను. అది పక్వానికి వచ్చినదీ రానిదీ శాఖ మాత్రమే నిర్ణయించును."

(ఈ లెక్కన చాలా కాపురాలు కూడా నిల్వలే అవుతాయని ఎవరో మొదటిరోజే ఉత్తరం రాశారు. వాటికి వేరే సర్క్యులర్ వస్తుందని శాఖ జవాబిచ్చింది. జనం ఎదురుచూస్తున్నారు.)

మా బాబాయ్ లిఫ్టు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. పైపు తాగుతాడు. సిగరెట్లు తాగేవాళ్లంటే ఆయనకు జాలి. "అది పొగ తాగడం కాదురా, బస్సు వచ్చేలోపు ఏదో ఒకటి కాల్చడం" అంటాడు. ఆయన పొగాకులో వెనీలా కలిసి ఉంటుంది. అంటించగానే కేకులు చేసే బట్టీ పక్కన నిలబడ్డట్టుంటుంది. పిన్ని కుట్టుపని చేస్తుంది. ఇంటి ముందుగదే ఆవిడ షాపు. ఆ గదిలో కుట్టిన జాకెట్లు, గౌన్లు, పిల్లల యూనిఫారాలు అన్నీ వెనీలా వాసనతోనే బయటికి వెళ్లేవి.

పెళ్లయిన కొత్తలోనే పిన్ని పైపు మానేయమంది. బాబాయ్ వెంటనే ఒప్పుకున్నాడు. (వెంటనే ఒప్పుకోవడం ఆయన అలవాటు. లిఫ్టు ఆగిపోయిందని ఎవరైనా ఫోన్ చేస్తే "ఇదిగో, బయల్దేరిపోయా" అని చెప్పి, తర్వాత టీ పెట్టమనేవాడు.) ఒప్పుకుని, పైపు సామాను అమ్మే ముసలాయన దుకాణానికి వెళ్లి, ఒక పెద్ద గాజుసీసా నిండా వెనీలా పొగాకు పోయించుకుని వచ్చాడు.

"మానేస్తానని చెప్పి ఇదేమిటండీ?" అంది పిన్ని.

"మానేయడానికే తెచ్చానే. ఇది మామూలు పొగాకు కాదు. మూత బిగించి చీకట్లో పెడితే ఏళ్లకేళ్లు లోపల్లోపలే ఊరి పక్వానికొస్తుందట. అది పక్వానికొచ్చిన రోజు మూత తీస్తాను. ఒక్క పైపు తాగుతాను. ఆ తర్వాత జన్మలో ముట్టను. ఒట్టు."

ఒట్టు వేయడానికి పిన్ని తల మీద చెయ్యి పెట్టబోయాడు.

"నా తల మీద వద్దు," అంది పిన్ని. "సీసా మీద పెట్టండి."

పెట్టాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దుకాణం ముసలాయన ఆ రోజు బాబాయ్‌కి పాఠం పూర్తిగానే చెప్పబోయాడు. "ఆకు పాతబడేకొద్దీ తియ్యబడుతుంది బాబూ. కానీ..." అన్నాడు. సరిగ్గా ఆ 'కానీ' దగ్గర, పక్క భవనంలో ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారని కబురొచ్చింది. బాబాయ్ పరిగెత్తాడు. (ఉద్యోగజీవితంలో ఆయన పరిగెత్తింది ఆ ఒక్కసారే.) మిగతా సగం పాఠం దుకాణంలోనే ఉండిపోయింది.

సీసాకి రబ్బరు వాషరు, ఇనుప క్లిప్పు ఉన్నాయి. వెలుతురు తగలకూడదని బాబాయ్ అంటే పిన్ని నల్ల ముఖమలుతో దానికొక తొడుగు కుట్టింది, మెడ దగ్గర నాడా పెట్టి మరీ. బట్టల బీరువా కింది అరలో, వంటగది వేడి తగలని మూలన దాన్ని ప్రతిష్ఠించారు. దాని పక్కన మామూలు వెనీలా డబ్బాలు చేరాయి. పెద్ద సీసా పక్వానికి వచ్చేదాకా మనిషి ఎలాగోలా బతకాలి కదా.

ఏటా పెళ్లిరోజున పిన్ని అడిగేది. "అయ్యిందా అండీ?"

బాబాయ్ సీసాను బయటికి తీసి, చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. (పొగాకును చెవితో ఎందుకు పరీక్షించాలో ఎవరూ అడగలేదు. ఆయన లిఫ్టులను అలాగే పరీక్షించేవాడు. అవీ బాగుపడేవి కావు.) విని, "ఇంకా కొంచెం" అనేవాడు.

"ఒక్కసారి మూత తీసి చూస్తే పోలా?"

"తీస్తే కొత్తగాలి దూరుతుందే. మళ్లీ మొదటికొస్తుంది. ఇన్నాళ్ల శ్రమా వృథా."

శ్రమ అన్నాడు. పిన్ని మిషను తొక్కుకుంది.

ఈలోగా దగ్గు వచ్చింది. మొదట చుట్టంలా వచ్చి పోయేది. తర్వాత అద్దెకు దిగింది. చివరికి ఇల్లు తనదే అన్నట్టు మాట్లాడటం మొదలుపెట్టింది. డాక్టరు ఎక్స్‌రేను కిటికీకేసి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"పైపు ఆపితే దగ్గు ఆగుతుంది," అన్నాడు. "ఆపకపోతే దగ్గు ఆగదు, మీరు ఆగుతారు."

"ఆపేస్తాను డాక్టరుగారూ," అన్నాడు బాబాయ్ వెంటనే. "సీసా పక్వానికి రాగానే."

ఆ సాయంత్రం పిన్నికి దీర్ఘకాల నిల్వల శాఖ గుర్తొచ్చింది. సీసా పక్వానికి వచ్చిందో లేదో చెప్పాల్సింది శాఖ అయితే, మొగుడి చెవితో పనేముంది? ముద్రపడిన కాగితం మీద 'పక్వమైనది' అని రాసిస్తే మూత తీయాల్సిందే, ఒట్టు తీర్చాల్సిందే. నన్ను పిలిచి ఫోనులో 'నిల్వమిత్ర' యాప్ పెట్టించింది.

యాప్ మర్యాదగానే మొదలైంది. మద్యం, జున్ను, తేనె, అత్తరు, ఇతరములు అని అడిగింది. 'ఇతరములు' నొక్కాం. నిల్వ ముఖచిత్రం తీయమంది. తీశాం. అసలుదేనని నమ్మడానికి ఒకసారి కన్నార్పమంది. సీసా ఆర్పలేదు. మళ్లీ అడిగింది. మళ్లీ ఆర్పలేదు. "మీ నిల్వ సహకరించడం లేదు" అని ఎర్రక్షరాల్లో హెచ్చరించింది. పిన్ని ఒక్క క్షణం ఆలోచించి, ముఖమలు తొడుగును సీసా మీదికి లాగి, మళ్లీ కిందికి దించింది. "ధన్యవాదములు" అంది యాప్.

తర్వాతి వారం శాఖవారి వాసన పరీక్షకుడు ఇంటికొచ్చాడు. ఆయనకు ఏడాది పొడవునా జలుబు. (ఆ పోస్టు సీనియారిటీని బట్టి ఇస్తారు, ముక్కును బట్టి కాదు.) ఆఫీసులో అందరూ జలుబుసారు అనే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు. రుమాలుతో ముక్కు తుడుచుకుని, సీసా మూత చుట్టూ ఒకసారి పీల్చాడు.

"వాసన ఎలా ఉందండీ?" అంది పిన్ని.

"మూత మూసుంది కదమ్మా."

"తీయమంటారా?"

"వద్దు," అన్నారు జలుబుసారూ బాబాయీ ఒకేసారి. అలా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అదొక స్నేహానికి మొదలు.

జలుబుసారు నియమం చెప్పాడు. పక్వతా పత్రం మూత తీయని నిల్వకే ఇస్తారు. వాసన చూడకుండా పత్రం ఇవ్వరు. మూత తీయకుండా వాసన రాదు. "ఇందులో ఏ ఒక్కటీ నేను పెట్టిన నియమం కాదమ్మా, మూడూ విడివిడిగా చాలా మంచి నియమాలు," అన్నాడు. తన కాగితం మీద 'బయటికి ఏ వాసనా లేదు, మూత ఉత్తమ శ్రేణి' అని రాసుకున్నాడు.

పిన్నికి అనుమానం వచ్చింది. "అసలు మీకు ఏ వాసనైనా తెలుస్తుందా సార్?"

"తెలియదమ్మా. అందుకే నా మీద ఇంతవరకూ ఒక్క పక్షపాతం ఆరోపణ కూడా లేదు."

నిర్ణయం కుదరని పక్షంలో ఏడాది గడువు దానంతటదే పొడిగించబడుతుందని చెప్పి లేచాడు.

"ఏడాది సరిపోతుందంటారా సార్?" అన్నాడు బాబాయ్ వినయంగా.

"సరిపోకపోతే మళ్లీ పొడిగింపు ఉంది."

బాబాయ్ ఆయన్ని వీధి మలుపుదాకా దిగబెట్టి వచ్చాడు. వచ్చి కుర్చీలో కూలబడి పైపు వెలిగించాడు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. కొంత దగ్గువల్ల, కొంత ఆనందంవల్ల. "ఇన్నేళ్లలో నన్ను అర్థం చేసుకున్న మొదటి ఆఫీసు ఇదే," అన్నాడు.

పిన్ని అప్పీలు వేసింది.

విచారణ తేదీ ఏడాది తర్వాత పడింది. (అత్యవసరం అని రాసినందుకు అంత త్వరగా.) ఆ ఏడాదిలో దగ్గు మేడమెట్లు ఒక్కదమ్మున ఎక్కడం మానేసింది. అంటే, బాబాయ్ మానేశాడు. జీవితమంతా లిఫ్టులు బాగుచేసిన మనిషి లిఫ్టు లేని ఇంట్లో మొదటి అంతస్తుకు ఎక్కడానికి మధ్యలో కుర్చీ వేయించుకున్నాడు. "లిఫ్టు కూడా మధ్యలో ఆగుతుందిరా, అంతమాత్రాన పాడైనట్టు కాదు," అన్నాడు నాతో, ఆ కుర్చీలో కూర్చుని.

విచారణకు వాదీ ప్రతివాదీ ఒకే బస్సులో వెళ్లారు. పిన్ని ఒళ్లో వేడినీళ్ల ఫ్లాస్కు, బాబాయ్ ఒళ్లో సీసా. బాబాయ్ దగ్గినప్పుడల్లా పిన్ని ఫ్లాస్కు మూతలో నీళ్లు పోసి ప్రతివాదికి ఇచ్చింది. నేను వెనక సీట్లో సాక్షిని.

ఆఫీసు హాల్లో టోకెను ఇచ్చే యంత్రం ఉంది. దాని పక్కన, టోకెను ఎలా తీసుకోవాలో చెప్పే మనిషి కోసం తీసుకోవాల్సిన టోకెను యంత్రం ఉంది. మా ముందు జున్ను కేసు తాలూకు పెద్దాయన కూర్చున్నాడు. ఆయన జున్ను గడువు పొడిగింపులోనే రంగు మారింది. ఆయన చుట్టూ నాలుగు వరసలు ఖాళీ. జలుబుసారు ఒక్కడే ఆయన పక్కన హాయిగా కూర్చుని కబుర్లు చెబుతున్నాడు.

మా వంతు వచ్చింది. పక్వతాధికారి కళ్లజోడు సర్దుకుని ఫైలు తిరగేశాడు.

"ఈ సీసా ఎప్పటిది?"

"మా పెళ్లినాటిదండీ," అంది పిన్ని.

"నమోదైంది పోయినేడే కదా."

"శాఖ పుట్టిందే పోయినేడు కదండీ."

"అదే చెబుతున్నా. అంతకుముందు గడిచింది అనధికార కాలం. అది లెక్కలోకి రాదు. సుగంధ పొగాకుకు కనీస పక్వతా కాలం పాతికేళ్లని శాఖ నిర్ణయించింది. అది నమోదు తేదీ నుంచి మొదలవుతుంది."

బాబాయ్ చేతులు జోడించాడు. మనిషికి ఉన్నట్టుండి యౌవనం తిరిగొస్తే ఎలా ఉంటుందో ఆ మొహంలో చూశాం. ఆ సంతోషంలో నోరు తెరిచేసరికి దగ్గు పట్టుకుంది.

అది ఆగేదాకా పిన్ని ఆగింది. "ఆయన అంతకాలం ఉండరండీ. ఈ దగ్గు ఉండనివ్వదు."

అధికారి ఫైలు మొదటినుంచి చివరిదాకా మరోసారి చూశాడు. "దగ్గు ఈ ఫైల్లో లేదమ్మా," అన్నాడు.

పిన్ని వాదన ఆపింది. ఎదురుగా గోడమీద ఒక బోర్డు ఉంది. గుడ్డ కోసేముందు ఎలా చూస్తుందో అలా చూసింది దాన్ని. 'నమోదైన నిల్వను అనుమతి లేక తెరిచిన ఇంటిలో, ఆ వస్తువును ఇక జీవితకాలం ఉంచరాదు' అని ఉంది.

"ఈ శిక్ష నిజంగా వేస్తారా అండీ?"

"తప్పకుండా. ఎవరికీ మినహాయింపు లేదు."

"ఒక్క చిటికెడు కూడా ఉంచకూడదా?"

"ఒక్క ఆకు కూడా. మావాళ్లొచ్చి బీరువాలు చూస్తారు."

"చాలా మంచి శిక్షండీ," అంది పిన్ని.

బాబాయ్‌కి అర్థమయ్యేలోపే సీసా ఆవిడ చేతిలోకి వెళ్లింది. తాను కుట్టిన నాడాను తానే లాగింది. ముఖమలు జారింది. బొటనవేలితో క్లిప్పు ఎత్తింది. రబ్బరు వాషరు కొంచెం ఏడ్చి వదిలింది. మూత లేచింది.

హాలంతా మెడలు చాచింది. జున్ను పెద్దాయన కూడా ఇటు తిరిగాడు. అందరూ వెనీలా కోసం ఎదురుచూశారు.

ఏమీ రాలేదు.

బాబాయ్ సీసా లాక్కుని అందులో ముక్కు పెట్టాడు. ఇంకొంచెం లోపలికి పెట్టాడు. తలెత్తేసరికి ముక్కు మీద ఒక ఎండాకు అంటుకునుంది. "పాత అట్టపెట్టె వాసనొస్తోందే," అన్నాడు చిన్నగా.

"అవునండి మరి," అన్నాడు జలుబుసారు రుమాలు చాటునుంచి. "ఆకు పాతబడితే బాగుపడుతుంది. పైన చల్లిన వెనీలా పాతబడితే ఎగిరిపోతుంది. పైపు దుకాణంలో ఎవరినడిగినా చెబుతారు."

బాబాయ్ ముక్కు మీది ఆకును తీసి మళ్లీ సీసాలో వేశాడు. "ముసలాయన ఏదో 'కానీ' అన్నాడు," అన్నాడు చివరికి.

"కానీ అని?" అంది పిన్ని.

"లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారు."

ఆ మాటకు పిన్ని నవ్విందో ఏడ్చిందో వెనకనుంచి నాకు కనిపించలేదు. భుజాలు మాత్రం కదిలాయి.

పక్వతాధికారి ఈలోగా తీర్పు రాసేశాడు. సుగంధం లేని పొగాకు సుగంధ పొగాకు కాదు. కాబట్టి ఈ సీసా నమోదే చెల్లదు. నమోదు కాని సీసాను తెరవడం నేరం కాదు. కాబట్టి శిక్ష లేదు. "మీరు నిర్దోషి అమ్మా," అన్నాడు ఆప్యాయంగా.

"నాకు శిక్షే కావాలండీ," అంది పిన్ని.

"నేరం లేనిదే ఎలా ఇస్తాం? ఇది ప్రభుత్వ కార్యాలయం."

బాబాయ్ మెల్లగా నిటారుగా కూర్చున్నాడు. బుర్రలో ఏదో తీగ మళ్లీ కలిసినట్టుంది. "అయితే నేను ఒట్టేసిన సీసా ఇది కాదన్నమాట," అన్నాడు.

"ఏమండీ."

"నేననడం లేదే. శాఖ అంటోంది. పక్వానికొచ్చిన సీసా తెరిచిన రోజు మానేస్తానన్నాను. ఇది పక్వానికి రాలేదు, పాడైంది. ఈసారి వెనీలా వద్దులే. ఉత్త ఆకు తెచ్చి పెడదాం. అది నిజంగా పక్వానికొస్తుందని సారే చెప్పాడుగా. నమోదు ఇవాళే..."

వాక్యం పూర్తి కాలేదు. దగ్గు అడ్డొచ్చింది. ఈసారి అది తొందరగా వెళ్లలేదు. హాల్లో ఒక్కొక్కరే మాటలాపారు. టోకెను నంబర్లు పిలిచే యంత్రం కూడా రెండు నంబర్లు మింగినట్టు నాకనిపించింది. పిన్ని ఫ్లాస్కు మూతలో నీళ్లు పోసి, ఆయన తాగేదాకా పట్టుకుని, మూత బిగించి, లేచి వెళ్లి కొత్త టోకెను తీసుకుంది.

కౌంటరులో అమ్మాయి తలెత్తకుండా అడిగింది. "ఏ వస్తువండీ?"

"దగ్గు."

"మద్యం, జున్ను, తేనె, అత్తరు..."

"ఇతరములు వెయ్యమ్మా."

"ఎక్కడ నిల్వ ఉంది?"

"ఆయన ఛాతీలో."

"ఏడాది దాటిందా?"

"ఎప్పుడో దాటింది."

"లోపల ఏం జరుగుతోందో బయటికి కనిపిస్తుందా?"

"కనిపించదమ్మా. అదే నా బాధ."

అమ్మాయి చట్టం తీసి చదువుకుంది. వేలితో ఒక్కొక్క మాటే జరుపుకుంటూ మళ్లీ చదువుకుంది. అభ్యంతరం ఏదీ దొరకలేదు. బాబాయ్‌ని కెమెరా ముందు నిలబెట్టింది. కన్నార్పమని యంత్రం అడిగింది. ఈసారి నిల్వ సహకరించింది.

పరీక్షకు జలుబుసారే వచ్చాడు. ముక్కు లేకపోయినా ఆయన చెవులు మంచివని ఆ రోజే తెలిసింది. రుమాలు జేబులో పెట్టుకుని, వంగి, బాబాయ్ ఛాతీకి చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. అచ్చం బాబాయ్ సీసాను విన్నట్టే.

"ఒకసారి దగ్గండి," అన్నాడు.

బాబాయ్ దగ్గాడు.

"ఇంకోసారి."

ఆ తర్వాత మూడోసారి అడగలేదు. చెవి తీయకుండా కాసేపు అలాగే ఉన్నాడు. బాబాయ్ పైనుంచి ఆయన నడినెత్తిని చూస్తూ, "ఇంకా కొంచెం టైముందంటారా సార్?" అన్నాడు, నవ్వుతూనే.

జలుబుసారు నవ్వలేదు. పిన్ని వైపు చూసి, కళ్లు దించుకుని, కౌంటరు మీద వంగి రాశాడు. మూత తీయనవసరం లేదన్నాడు. వాసన అవసరం లేదన్నాడు. పక్వతాధికారి కూర్చున్నచోటే ముద్ర వేశాడు. శాఖ పుట్టాక ఇచ్చిన మొట్టమొదటి పక్వతా పత్రం అది. (గుమాస్తాలు కుర్చీల్లోంచి లేచి చప్పట్లు కొట్టారు. ఒకాయన ఫొటో కూడా తీశాడు.)

బాబాయ్ దాన్ని చదివాడు. 'నిల్వ: దగ్గు. పూర్తిగా పక్వమైనది. ఏ రోజైనా తెరవబడవచ్చును.'

చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివాడు. జేబులోంచి పైపు తీశాడు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, ఖాళీ అయిన ముఖమలు తొడుగులో పెట్టి పిన్నికిచ్చాడు. పిన్ని నాడా లాగి ముడి వేసింది, టైలర్లు వేసే ముడి.

అప్పుడు బాబాయ్ కౌంటరు అద్దం దగ్గరికి వంగాడు. ఆయన గొంతులో అంత మర్యాద నేనెప్పుడూ వినలేదు.

"ఒక్క ఏడాది పొడిగింపు రాసివ్వగలరా అమ్మా?"

అమ్మాయి మొదటిసారి తలెత్తి ఆయన్ని చూసింది.

"పక్వానికి వచ్చినవాటికి పొడిగింపు ఉండదండీ," అంది.